కాంగ్ యాట్సే-2 ఎక్కాను, ఆక్సీమీటరు దగ్గర దొరికిపోయాను

లద్దాఖ్‌లోని కాంగ్ యాట్సే-2 శిఖరం ఎక్కి ఇంటికి వచ్చి నేటికి పదకొండు రోజులైంది. శిఖరం ఎత్తు 6,250 మీటర్లు. ముక్కుమీద చర్మం ఇంకా పొరలు పొరలుగా ఊడుతూనే ఉంది. చూడవచ్చిన వాళ్ళందరూ శిఖరం మీద తీసుకున్న ఫోటో అడుగుతున్నారు, నేనూ చూపిస్తున్నాను. నిమాలింగ్ మైదానంలో భోజనాల గుడారంలో బృందం అందరి ముందు నాకు జరిగిన మర్యాద మాత్రం ఏ ఫోటోలోనూ లేదు కనుక, అది మరచిపోకముందే రాసి పెడుతున్నాను.

నాకు 51 ఏళ్ళు. తిరుపతిలో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. నెలకు రెండుసార్లు అలిపిరి నుంచి కాలినడకన తిరుమల వెళ్ళడం పదిహేనేళ్ళుగా అలవాటు. ఆ 3,550 మెట్లూ రెండు గంటల లోపే ఎక్కుతాను. గాలిగోపురం దగ్గర ఆయాసపడుతూ కూర్చున్న కుర్రవాళ్ళను పక్కచూపు చూస్తూ దాటిపోవడంలో నాకొక చెడ్డ సంతోషం ఉండేదని ఒప్పుకోవాలి. అయితే తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లు కూడా లేదన్న సంగతి నేను ఎన్నడూ పట్టించుకోలేదు. కాళ్ళు గట్టివైతే ఏ కొండైనా ఒకటే అనుకునేవాణ్ని.

మొదటిసారి ఆరువేల మీటర్లు దాటాలనుకునే వాళ్ళు ఒకప్పుడు లేహ్ దగ్గరి స్టోక్ కాంగ్రీకి వెళ్ళేవారు. కరిగిపోతున్న హిమానీనదం, దిగువ గ్రామానికి వచ్చే నీళ్ళు పాడవడం వంటి కారణాలతో 2020లో ఆ శిఖరాన్ని మూసివేశారు. అప్పటినుంచి ఆ రద్దీలో చాలాభాగం మార్ఖా లోయ చివరనున్న కాంగ్ యాట్సే-2 మీదికి మళ్ళింది. ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ అనుమతి, గుర్రాలు, వంటవాళ్ళు, గైడ్లు అన్నీ మమ్మల్ని తీసుకువెళ్ళిన సంస్థవారే చూసుకున్నారు. నన్ను అడిగినవి డబ్బు, ఒక వైద్య ధ్రువపత్రం, అంతే. వారి కరపత్రంలో "కొత్తవారికి ఎంతో అనువైన శిఖరం" అని పెద్ద అక్షరాలలో ఉంది. ఎవరికి అనువుగా ఉండదో ఒక్క ముక్క లేదు.

వైద్య ధ్రువపత్రం ఇచ్చిన డాక్టరు గారి సంగతి కూడా చెప్పాలి. మా వీధి చివర క్లినిక్కు ఆయనది. ఎత్తైన ప్రదేశాలలో శారీరక శ్రమకు తగినవాడని సంతకం పెట్టవలసిన కాగితం ఇస్తే, ఫోనులో మాట్లాడుతూనే పెట్టేశారు. స్టెతస్కోపు మెడలోనే ఉంది, దాన్ని నా గుండె దాకా తేవడానికి ఆయనకు తీరిక చిక్కలేదు. బీపీ గడిలో 120/80 అని చూడకుండానే రాశారు. నాకూ ఆ రోజు అది సౌకర్యంగానే అనిపించింది కనుక తప్పు పూర్తిగా ఆయన మీదికి తోయలేను, అయినా తోస్తున్నాను.

లేహ్‌లో విమానం దిగగానే 3,500 మీటర్ల ఎత్తు. రెండు రోజులు పడుకోవడం, నీళ్ళు తాగడం తప్ప పని లేదు. తరువాత చిలింగ్ దగ్గర జాన్‌స్కార్ నది దాటి, స్క్యూ, మార్ఖా, హాంకర్ గ్రామాల మీదుగా నాలుగు రోజుల నడక. బార్లీ చేలు, పారాచూట్ గుడ్డతో వేసిన గుడారాలలో టీ కొట్లు, చలికి కాళ్ళు కొంకర్లు పోయేలా వాగులు దాటడం. హాయిగా సాగింది. దారిలో నేనే అందరికంటే ముందు నడిచాను. బృందంలో బెంగళూరు, పుణేల నుంచి వచ్చిన సాఫ్ట్‌వేరు పిల్లలు ఆరుగురు, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, నేను. పిల్లలందరికీ మొదటి రోజునుంచే నేను "అంకుల్". ఈ అంకుల్‌ను అందుకోవడం కష్టమని వాళ్ళు అంటుంటే విననట్టు నటిస్తూ ఇంకాస్త వేగం పెంచేవాణ్ని. మా గైడు లద్దాఖీ, ముప్ఫై దాటని మనిషి. రెండుసార్లు "నెమ్మదిగా సర్" అన్నాడు. మూడోసారి అనలేదు.

ఇక అసలు విషయం. ప్రతి సాయంత్రం భోజనానికి ముందు సహాయకుడొకడు రక్తంలో ప్రాణవాయువు శాతం చూపే చిన్న ఆక్సీమీటరు పట్టుకుని వరుసగా అందరి వేళ్ళకూ తగిలించి, వచ్చిన అంకెను బిగ్గరగా చదువుతాడు, గైడు రిజిస్టరులో రాసుకుంటాడు. మార్ఖాలో నాకు 86 వచ్చింది. ఆ అంకె వినగానే కడుపులో తిప్పింది. 2021 కోవిడ్ వేసవిలో మా ఇంట్లో ఆ క్లిప్పు దేవుడి గదిలో గంటలాగా పూటపూటా మోగింది. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పరుగెత్తమనేవారు. మా బావమరిదికి 88 చూపించిన రాత్రి పడక కోసం నాలుగు ఊళ్ళకు ఫోన్లు చేశాము. అటువంటి 88 ఇక్కడ మంచి మార్కు. బెంగళూరు అమ్మాయికి 90 వస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

నిమాలింగ్ సుమారు 4,800 మీటర్ల ఎత్తున ఉన్న విశాలమైన పచ్చికబయలు. మార్ఖా లోయ గ్రామాలవాళ్ళు వేసవిలో గొర్రెలను, జడలబర్రెలను అక్కడికి తోలుకువస్తారు. మేము చేరేసరికి గాలి ఈడ్చి కొడుతోంది. ఆ సాయంత్రం నా వేలికి క్లిప్పు తగిలించి సహాయకుడు చదివిన అంకె 71. గుడారంలో మాటలు ఆగిపోయాయి. అతడు రెండో వేలికి పెట్టాడు, 70. మూడో వేలికి పెడితే అంకె రానేలేదు. "చేతులు చల్లగా ఉన్నాయి" అని నేనే సంజాయిషీ చెప్పుకున్నాను. అది కొంత నిజమే. ఆ యంత్రం వేలిగుండా ఎరుపు, పరారుణ కాంతులు పంపి, రక్తం ఎంత కాంతిని మింగుతుందో చూసి లెక్క కడుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే, గోళ్ళ రంగో గోరింటాకో ఉంటే, చెయ్యి వణికితే అది తడబడుతుంది. చేతులు వేడినీళ్ళ సీసా మీద పెట్టించి మళ్ళీ చూశారు. 72. గైడు రిజిస్టరు మూసి, "రేపు ఉదయం మళ్ళీ చూద్దాం సర్. తగ్గితే మీరు బేస్ క్యాంపుకు రారు" అన్నాడు, అన్నం వడ్డించమని చెప్పినంత మామూలుగా.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టినప్పుడల్లా నా ఊపిరి కొన్ని క్షణాలు ఆగిపోయి, ఉలిక్కిపడి లేస్తున్నానని నా గుడారంలోని బ్యాంకు ఉద్యోగి చెప్పాడు. పాపం అతడు భయపడి నా ఛాతీ మీద చెయ్యి వేసుకుని పడుకున్నాడు. ఎత్తున నిద్రలో అలా జరగడం సాధారణమేనని తరువాత తెలిసింది. నేను మాత్రం చీకట్లో పడుకుని ఒక పన్నాగం ఆలోచించాను.

ఉదయం అయిదింటికి లేచి, గుడారంలో కూర్చుని ఇరవై నిమిషాలు భస్త్రిక, అంటే వేగంగా ఊపిరి తీసి వదిలే ప్రాణాయామం, చేశాను. రెండు చేతులతో వేడి టీ గ్లాసు పట్టుకుని, దీర్ఘశ్వాసలు తీస్తూనే భోజనాల గుడారంలోకి నడిచి, అడక్కుండానే వేలు చాచాను. 89. పిల్లలు "అంకుల్!" అని కేకవేశారు. నేను అలిపిరి దగ్గర నవ్వే నవ్వు నవ్వాను.

గైడు నవ్వలేదు. క్లిప్పు తీయనివ్వలేదు. "సర్, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. మామూలుగా ఊపిరి తీయండి" అన్నాడు. పుణే అమ్మాయి ఫోనులో సమయం పెట్టింది. మిగతా ఎనిమిదిమంది, గైడు, సహాయకుడు, వంటవాడు, అందరి కళ్ళూ నా చూపుడువేలి మీద. మొదటి నిమిషానికి 86. తరువాత 81. మామూలుగా ఊపిరి తీయమన్నాక మామూలు ఊపిరి ఏదో నాకు గుర్తు రాలేదు. 77. ఎవరో దగ్గారు. అయిదు నిమిషాలు పూర్తయ్యేసరికి 73. గైడు క్లిప్పు తీసి, "యంత్రాన్ని మోసం చెయ్యవచ్చు సర్, కొండను చెయ్యలేం" అనే మాట ఏదీ అనలేదు. అని ఉంటే కోపం తెచ్చుకునేవాణ్ని. "73" అని రాసుకుని, "బ్రేక్‌ఫాస్ట్ తినండి" అన్నాడు. అంతే.

ఇరవై అయిదేళ్ళుగా ప్రాక్టికల్ పరీక్షలలో నేను చేసే ముఖ్యమైన పని, లోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం 980 రావాలని ఆన్సరు నుంచి వెనక్కు లెక్క కట్టుకుని రీడింగులు రాసే పిల్లలను పట్టుకోవడం. వాళ్ళ రికార్డులు తరగతి ముందు పైకెత్తి చూపించేవాణ్ని. ఆ ఉదయం అట్లు నమలుతుంటే వాళ్ళలో కొందరి ముఖాలు గుర్తుకువచ్చాయి.

అక్కడ నాకు తల బద్దలు కొట్టుకున్నా అర్థం కానిది ఒకటుంది. గాలిలో ప్రాణవాయువు పాలు ఎక్కడైనా సుమారు 21 శాతమేనని, పైకి వెళ్ళేకొద్దీ పీడనం తగ్గుతుందని, 5,500 మీటర్ల దగ్గర అది సముద్ర మట్టంలో ఉన్నదానికి దాదాపు సగమని నేను ఏటా బోర్డు మీద రాస్తాను. మరి అయిదు నిమిషాలలో 89 నుంచి 73కు పడిపోవడం ఏమిటి? ఆ ఎత్తున మన రక్తం ఏటవాలు మీద నిలబడ్డ మనిషిలాంటిదని, ఊపిరి కొంచెం పెంచినా తగ్గించినా అంకె ఎక్కువగా జారుతుందని, మైదానంలో ఉన్న మనం ఆ వాలుకు పైనున్న చదునులో ఉంటాము కనుక మనకు తేడా కనబడదని ఇంటికి వచ్చాక చదివితే బోధపడింది. బోర్డు మీద పీడనం రాసినవాడికి శరీరం తెలిసి ఉండాలన్న నియమం లేదు.

గైడు మాత్రం అంకెను ఒక్కటే చూడలేదు. తలనొప్పి ఉందా, వాంతి వచ్చేలా ఉందా, రాత్రి ఏమి తిన్నారు, ఒక గీత వెంబడి తూలకుండా నడవండి అంటూ పరీక్ష చేశాడు. అంకె తక్కువైనా ఈ లక్షణాలేవీ నాకు లేవు. చేతిలో ఒక అదనపు రోజు ఉంది కనుక బృందం మొత్తాన్ని నిమాలింగ్‌లో ఇంకో రాత్రి ఉంచాడు. పగలు 5,000 మీటర్ల దాకా నెమ్మదిగా ఎక్కించి కిందికి దించాడు. అందరికంటే వెనక నన్ను నడిపించాడు. ఎత్తుకు శరీరం అలవాటుపడటానికి వేసుకునే డయామాక్స్ మాత్ర తీసుకుంటున్నారా అని అడిగితే, మాత్రలతో కొండ ఎక్కడం నా పద్ధతి కాదని లేహ్‌లో అందరి ముందు పలికిన సంగతి గుర్తుకువచ్చి, గొంతు తగ్గించి "లేదు" అన్నాను. సల్ఫా మందులు పడతాయని నిర్ధారించుకున్నాక 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు మొదలుపెట్టాను. వేళ్ళు తిమ్మిరెక్కాయి, అర్ధరాత్రి పదేపదే లేవవలసి వచ్చింది, కాని పని చేసింది. వెళ్ళదలచినవారు దీని గురించి ఊళ్ళోనే, స్టెతస్కోపు వాడే డాక్టరును అడగండి. మరుసటి ఉదయం నా అంకె 79. చప్పట్లు కొట్టబోయిన పిల్లలను నేనే వారించాను.

ఇంతలో 90 తెచ్చుకుంటూ వచ్చిన బెంగళూరు అమ్మాయికి బేస్ క్యాంపులో, 84 అంకెతోనే, తల పగిలిపోయే నొప్పి, వాంతులు మొదలయ్యాయి. గైడు ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా సహాయకుడిని తోడిచ్చి గుర్రం మీద కిందికి పంపాడు. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళింది. 73 వచ్చిన నేను పైకి, 84 వచ్చిన ఆమె కిందికి వెళ్ళడం ఏ రిజిస్టరు చూసినా అర్థం కాదు.

శిఖరం రోజు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. రాత్రి పదకొండున్నరకు తలదీపాలతో బయలుదేరి, నాలుగు గంటలు రాళ్ళగుట్టల మీద, తరువాత బూట్లకు క్రాంపాన్లు (మంచులో జారకుండా పట్టే లోహపు ముళ్ళు) తొడిగి ఒకే తాడుకు కట్టుకుని మంచు వాలు మీద నడిచాము. ముప్ఫై అడుగులు, ఆగడం, మళ్ళీ ముప్ఫై. చివరి వందల మీటర్లలో పదేసి. ఈసారి నేను గైడు వెనకాల ఉన్నాను, అతని అడుగులోనే అడుగు వేశాను. ఉదయం ఎనిమిదింబావుకు శిఖరం చేరాము. పక్కనే 6,400 మీటర్ల కాంగ్ యాట్సే-1 మన నెత్తిమీద నిలబడి ఉంటుంది కనుక విజయగర్వానికి పెద్దగా చోటు దొరకదు. పావుగంటలో దిగడం మొదలుపెట్టించాడు. దిగేటప్పుడు మెత్తబడిన మంచులో మోకాళ్ళు అరిగిపోయాయి. మరుసటి రోజు కోంగ్‌మారు లా కనుమ దాటి చోక్దో చేరి జీపు ఎక్కాము.

అద్దె బూట్లు లేహ్‌లో మందపాటి మేజోళ్ళు తొడుక్కుని మాత్రమే కొలత చూసుకోండి. అద్దె చేతితొడుగులు మాత్రం వద్దు, సొంతం కొనుక్కోండి. యాత్రలో అదనపు రోజు ఉంచని సంస్థతో, ఎంత తక్కువకు తీసుకువెళ్ళినా, వెళ్ళకండి. ఆ ఒక్క రోజు లేకపోతే నేను నిమాలింగ్ నుంచే వెనక్కు వచ్చేవాణ్ని.

నిన్న సాయంత్రం దగ్గు తగ్గలేదని మా వీధి చివర క్లినిక్కుకు వెళ్ళాను. డాక్టరు గారు ఫోనులో మాట్లాడుతూనే నా శిఖరం ఫోటో చూసి, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "చూశారా మాస్టారూ, మీరు పూర్తి ఫిట్ అని నేను ముందే రాసిచ్చాను" అన్నారు.