ఫ్లషింగ్ గుడి, బ్రాంక్స్ జూ, ఒక కాకి

ఆగస్టులో ఒక ఆదివారం న్యూజెర్సీలో అమ్మాయి వాళ్లుండే ఎడిసన్ నుంచి న్యూయార్క్ బయల్దేరాం. ఫ్లషింగ్ గణపతి దర్శనం చేసుకుని, క్యాంటీన్‌లో దోసెలు తిన్నాక, "ఇప్పుడు బ్రాంక్స్ జూకి పోదామమ్మా" అన్నాను అమ్మాయితో.

"ముప్పయ్యేళ్లు జంతువులతోనే గడిపావు, ఇంకా తనివి తీరలేదా నాన్నా?" అని నవ్వింది.

నేను పశువైద్యుణ్ణి. ఈ రెండు చోట్లనూ కలిపే కథ ఒకటి నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. 1999 ఆగస్టులో ఫ్లషింగ్‌లోనే ఒక ఆస్పత్రికి పెద్దవయసువాళ్లు జ్వరంతో, కాళ్లూ చేతులూ పట్టు తప్పి వచ్చారు. డాక్టర్ డెబోరా ఆస్నిస్ అనుమానం వచ్చి నగర ఆరోగ్యశాఖకు కబురు చేశారు. దోమల వల్ల వచ్చే సెయింట్ లూయిస్ మెదడువాపని మొదట తేల్చారు. ఆ వేసవిలోనే ఊరంతా కాకులు రాలిపోతున్నాయి. ఆ రెండూ ఒకటేనని ఎవరికీ తట్టలేదు.

తట్టింది బ్రాంక్స్ జూలో. ఫ్లెమింగోల చెరువు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆ ఏడాది ఈ జూలో ఫ్లెమింగోలు కూడా చనిపోయాయి. చనిపోయిన జంతువుల్ని పరీక్షించి కారణం తేల్చే జూ పాథాలజిస్టు ట్రేసీ మెక్‌నమారా కూడా పశువైద్యురాలే. వాటిని కోసి చూస్తే మెదడులో రక్తస్రావం. సెయింట్ లూయిస్ వైరస్ పక్షుల్ని చంపదు. గుర్రాలకు వచ్చే ఈస్టర్న్ రకం మెదడువాపు అయితే ముందు ఈమూలు పోవాలి, అవి నిక్షేపంగా ఉన్నాయి. కాబట్టి ఇది వేరేదని ఆమె పట్టుబట్టి శాంపిళ్లు బయటి ల్యాబులకు పంపారు. సెప్టెంబరు చివరికి తేలింది, వెస్ట్ నైల్ అని. 1937లో ఉగాండాలో దొరికిన వైరస్, అమెరికా ఖండంలో అదే మొదటిసారి. న్యూయార్క్ ప్రాంతంలో ఆ ఏడాది 62 మందికి జబ్బు తీవ్రంగా వచ్చి, ఏడుగురు పోయారు.

కర్నూలు వైపు మెదడువాపు వచ్చినప్పుడు వైరస్ ఉందేమో పరీక్షించడానికి నేను పందుల నెత్తురు తీసిన రోజులు గుర్తొచ్చాయి. మన వరిమళ్లలో తిరిగే కొంగలు జపనీస్ మెదడువాపు వైరస్‌ను మోస్తాయి గానీ చావవు. పిల్లలు మూర్ఛలతో ఆస్పత్రికి వచ్చాకే మాకు తెలిసేది. ఇక్కడ కాకి చచ్చి ముందే చెబుతుంది. ఆ చావును వృథా పోనివ్వకపోవడం నాకు గొప్పగా అనిపించింది.

మర్నాడు పొద్దున అమ్మాయి వాళ్ల పెరట్లో మేపుల్ చెట్టు కింద కాకి పడి ఉంది. రెక్కల మీద నీలి మెరుపు అలాగే ఉంది, కన్ను ఇంకా లోపలికి పోలేదు, పురుగు పట్టలేదు. అంటే రాత్రి చనిపోయినదే. "తాతయ్యా, పట్టుకోనా?" అంటూ మనవడు చెయ్యి చాపాడు, ఆపేశాను. అమ్మాయి ఆరోగ్యశాఖకు ఫోన్ చేస్తే గాయముందా, ఎప్పుడు చూశారు అని అడిగారు. గ్లౌజులు తొడుక్కుని, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఐసు పెట్టి ఇచ్చాం.

నేను ఇండియాకి వచ్చేశాక అమ్మాయి మెసేజ్ పెట్టింది. ఆ కాకికి వెస్ట్ నైల్ పాజిటివ్ వచ్చిందట. వాళ్ల వీధిలో వాననీటి కాలువల్లో దోమ లార్వాలు చచ్చే మందు వేసి వెళ్లారట.