గాలి పట్టడానికి కోరంగి వెళ్ళాం

మా అక్క కొడుకు ఫోన్ చేసి, "మావయ్యా, ఆదివారం ఖాళీయేనా? కోరంగి వెళ్తున్నాను, సీసాలు అందివ్వడానికి ఒక మనిషి కావాలి" అన్నాడు. తీరం దగ్గరి నీళ్ళలో మీథేన్, అంటే భూమిని వేడెక్కించే గ్యాసుల్లో ఒకటి, ఎంతుందో కొలవడం వాడి పీహెచ్‌డీ. నేను అమలాపురంలో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. పాతికేళ్ళ నుంచి బోర్డు మీద మీథేన్ ఫార్ములా రాస్తున్నానే గానీ ఒక్క సీసాడు పట్టిన పాపాన పోలేదు. వస్తానన్నాను.

అసలు కోనసీమ వాళ్ళకి మీథేన్ కొత్తేం కాదు. 1995 జనవరిలో పాసర్లపూడి గ్యాస్ బావి పేలినప్పుడు నేను ఇంటర్. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేనే. రెండు నెలలకు పైగా ఆ మంట ఆరలేదు. రాత్రిళ్ళు డాబా ఎక్కితే ఆకాశం ఒక పక్క ఎర్రగా కనిపించేది. మా నాన్నమ్మ అటు తిరిగి దండం పెట్టుకునేది. అప్పటి నుంచి మాకు గ్యాస్ అంటే మంటే. మంట లేకుండా ఊరికే పైకి పోయే గ్యాస్ గురించి ఎవరం పట్టించుకున్నాం గనక!

చీకటితోనే బండి మీద బయల్దేరాం. ముమ్మిడివరం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి గౌతమి మీద మంచు ఇంకా విడలేదు. ఈ వంతెన రాక ముందు ఇక్కడ ఏరు దాటించే పంటు కోసం గట్టు మీద పడిగాపులు కాసేవాళ్ళం. కాకినాడలో ఒక పెళ్ళికి తలంబ్రాలు అయిపోయాక చేరడం నాకు ఇప్పటికీ గుర్తే. యానాంలో పెసరట్టు తిని, పడవలో తాగుదామని టీ పార్సిల్ కట్టించాం. పార్సిల్ అంటే తెలుసుగా, పల్చటి పాలిథీన్ కవర్లో మరిగే టీ పోసి మూతికి రబ్బరు బ్యాండు. సముద్రంలో ప్లాస్టిక్ గురించి గంటసేపు చెప్పగలిగే కుర్రాడు దాన్ని జాగ్రత్తగా బండి హ్యాండిల్‌కి తగిలించాడు. నేనేమీ అనలేదు. టీ నాకూ కావాలి.

కోరంగికి ఇప్పుడు జనం చెక్కల బాట మీద సెల్ఫీల కోసం వస్తున్నారు. ఒకప్పుడు ఇది ఓడలు కట్టిన రేవు. ఇక్కడి నుంచి వెళ్ళిన మనవాళ్ళని బర్మాలో 'కోరంగీలు' అనేవారు. 1839 తుపానుతో ఆ రేవు కథ ముగిసింది. ఇప్పుడున్నది 235 చదరపు కిలోమీటర్ల మడ అడవుల అభయారణ్యం. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్లు, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేర్లు. బావురు పిల్లులు కూడా ఉన్నాయి, మాకు మాత్రం కనపడలేదు.

పడవ సరంగు మమ్మల్ని చూడగానే నవ్వాడు. "ఆయ్, గాలి పట్టుకోడానికొచ్చింది మీరేనాండీ? మా ఇంట్లోది నమ్మలేదండి. నీళ్ళు పట్టుకెళ్ళేవోళ్ళు వచ్చారు, మట్టి పట్టుకెళ్ళేవోళ్ళు వచ్చారు, గాలేంటయ్యా అంది."

పాయలోకి కొంత దూరం వెళ్ళాక మావాడు ఇంజన్ ఆపించాడు. నేను ఉత్సాహంగా ఇంటి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ మగ్గు నీళ్ళలో ముంచబోయాను. "మావయ్యా, వద్దు! గాజు, స్టీలు తప్ప ఏదీ ముట్టనివ్వకు" అని అరిచాడు. ఎందుకో తర్వాత చెప్పాడు. ముందు పని.

స్టీలు క్యానుతో నీళ్ళు తోడి, దాని అడుగునున్న గొట్టాన్ని చిన్న గాజు సీసా అడుగుదాకా దించాలి. నీళ్ళు మెల్లగా నిండి, పైనుంచి పొర్లి, ఇంకో సీసాడు బయటికి పోయేదాకా ఆగాలి. గొట్టం తియ్యడం కూడా మెల్లగానే. తర్వాత మెర్క్యురిక్ క్లోరైడ్ చుక్కలు. అది విషం, నీళ్ళలో ఉన్న సూక్ష్మజీవులన్నీ అక్కడికక్కడే చస్తాయి. లేకపోతే ల్యాబుకి వెళ్ళేలోపు అవి మీథేన్ తినేస్తాయి, లేదా కొత్తగా పుట్టిస్తాయి. ఆపైన రబ్బరు బిరడా నొక్కి, అల్యూమినియం మూతని పటకారు లాంటి దానితో బిగించి, సీసాని తలకిందులు చేసి వెలుతురుకి పెట్టి చూడాలి. చీమ తలకాయంత బుడగ కనిపించినా ఆ సీసా పారబొయ్యాల్సిందే. నా మొదటి మూడు సీసాల్లో రెండు పోయాయి. పరీక్ష హాల్లో కాపీ కొడుతూ దొరికిన పిల్లాడి మొహం పెట్టుకుని కూచున్నాను.

ఆటు మొదలైంది, బురద బయటపడుతోంది. కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది. "ఇదేనాండీ మీ గాలి?" అన్నాడు సరంగు.

కాదన్నాను. అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఉప్పునీటిలో సల్ఫేట్ బోలెడంత ఉంటుంది. గాలి ఆడని బురదలో దాన్ని వాడుకునే బ్యాక్టీరియా, మీథేన్ తయారుచేసే జీవుల నోటి దగ్గర కూడు లాగేసుకుంటాయి. అందుకే ఉప్పు బురదలో కంటే మంచినీటి బురదలో, వరి చేలల్లో మీథేన్ ఎక్కువ పుడుతుంది. పైగా మీథేన్‌కి వాసన లేదు. వంట సిలిండర్‌లో ఉండేది వేరే గ్యాస్, అది లీకైతే వచ్చే వాసన కూడా తెలియడం కోసం కంపెనీ వాళ్ళు కలిపేదే.

"మరి వాసన లేదు, కనపడదు, ఉందని ఎలా తెలుస్తదండీ?"

మంచి ప్రశ్న. నా క్లాసులో ఈ ప్రశ్న అడిగినవాడు లేడు. ల్యాబులో ఈ సీసాలోని నీళ్ళని కాస్త బయటికి తీసి, ఆ ఖాళీలోకి చేరిన గ్యాస్‌ని సూదితో లాగి గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లోకి ఎక్కిస్తారు. దాని లోపల చిన్న హైడ్రోజన్ మంట ఉంటుంది. మీథేన్ అందులో కాలుతూ పుట్టించే కరెంటుని మెషిన్ లెక్క కడుతుంది. చివరికి అక్కడా మంటేనన్నమాట.

పాయ సముద్రంలో కలిసే చోటికి ఇంకాస్త దూరం ఉందనగా ఇంజన్ గొంతు మారింది, కక్కు వచ్చినట్టు రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. సరంగు ఫ్యాను పైకి లేపి చూసి ఒక బూతు మాట అన్నాడు, వెంటనే నావైపు తిరిగి "సారీ మాష్టారూ" అన్నాడు. రొయ్యల మేత సంచి. ఫ్యాను రెక్కలకి చుట్టుకుని తాడులా పేనుకుపోయింది. కత్తితో కోస్తుంటే దారాలు దారాలుగా వస్తోంది. ఎండకి ఎండీ ఎండీ పెళుసెక్కిన చోట వేలు పెట్టి నలిపితే పొడయిపోతోంది. ఆ పొడి నా చేతిగీతల్లో తెల్లగా ఇరుక్కుంది. ఎంత దులిపినా పోదే. అర సెంటీమీటరు కంటే చిన్న ముక్కల్ని మైక్రోప్లాస్టిక్ అంటారని పాఠంలో చెప్తాను. అది తయారవుతున్న చోట చెయ్యి పెట్టడం ఇదే మొదలు.

సంచి ఊడేసరికి నీరు తీసేసింది. పడవ అడుగు బురదకి తగిలింది. "పోటు వచ్చేదాకా ఇంతేనండి" అన్నాడు సరంగు తాపీగా. చల్లారిన టీ తాగుతూ కూచున్నాం. అప్పుడు చెప్పాడు మావాడు మగ్గు సంగతి.

హవాయి విశ్వవిద్యాలయంలో సారా జాన్ రోయర్ అనే పరిశోధకురాలు సముద్రపు నీళ్ళలో జీవులు పుట్టించే మీథేన్‌ని కొలుస్తోంది. లెక్కలు కుదరడం లేదు, రావలసిన దానికంటే ఎక్కువ వస్తోంది. వెతగ్గా వెతగ్గా, దొంగ నీళ్ళలో లేడు, ఆమె వాడుతున్న పాలిథీన్ సీసాయే మీథేన్ వదులుతోంది. దాంతో రకరకాల ప్లాస్టిక్‌ల్ని ఎండలో పెట్టి చూశారు. 2018లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం పరీక్షించిన అన్ని రకాలూ మీథేన్, ఇథిలీన్ రెండూ వదిలాయి. అన్నిటికంటే ఎక్కువ వదిలింది క్యారీ బ్యాగులకి వాడే తక్కువ సాంద్రత పాలిథీన్. ఒకసారి ఎండ తగిలాక చీకట్లో పెట్టినా వదలడం ఆపలేదు. ముక్కలయ్యే కొద్దీ ఎండ తగిలే మేర పెరిగి ఇంకా ఎక్కువ వదులుతుంది.

"ఇథిలీన్ అంటే మన రావులపాలెం అరటిగెలల్ని మగ్గించేదా?" అన్నాను.

"అదే. ఇంకో సంగతి విను. నీళ్ళలో కంటే గాలిలో ఉన్న కవరు మీథేన్ రెండింతలు, ఇథిలీన్ 76 రెట్లు ఎక్కువ వదిలింది."

తలెత్తి చూశాను. తిల్ల చెట్టు కొమ్మలకి, పోటు వచ్చిన ఎత్తు దాకా, కవర్లు చినిగిన జెండాల్లా వేలాడుతున్నాయి. షాంపూ ప్యాకెట్లు, వాటర్ ప్యాకెట్లు, నీలం నైలాన్ వల ముక్క. కింద వేర్ల మధ్య ఒక మండపీత, దాని పక్కన థర్మాకోల్ పెట్టె మూత.

"అయితే ఇవన్నీ మీథేన్ బావులన్నమాట" అన్నాను కాస్త ఆవేశంగా.

వాడు ఒప్పుకోలేదు. అక్కడ నాకు వాడంటే గౌరవం పెరిగింది. సముద్రాలన్నీ కలిపి ఏటా 60 లక్షల నుంచి 1.2 కోట్ల టన్నుల దాకా మీథేన్ వదులుతాయని 2019 అంచనా. అందులో పెద్ద భాగం ఇలాంటి తీరపు లోతులేని నీళ్ళదే. ప్రపంచం మొత్తం మీద వెలువడేది సుమారు 58 కోట్ల టన్నులు. వరి చేలు, పశువులు, బొగ్గు గనులు, గ్యాస్ పైపుల లీకులు, చిత్తడి నేలలు, చెత్తకుప్పలు, అన్నీ కలిపి. వాటి ముందు కవర్లు వదిలేది చాలా చిన్న మొత్తం. ప్లాస్టిక్ తాబేలు పొట్టలోకి పోతోంది, వలల్లో చేపకి బదులు పడుతోంది, దాన్ని అసహ్యించుకోడానికి అవి చాలు, మీథేన్ లెక్కని ఉబ్బించనక్కర్లేదు అన్నాడు. వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడి పట్టి ఉంచే గ్యాస్ కాబట్టి చిన్న మూలాన్నయినా ఖాతాలో రాసుకోవాలి, అంతవరకే. వాట్సాప్‌లో ఇలాంటి వార్త వస్తే నేనైతే ఎన్ని గ్రూపులకి పంపి ఉండేవాణ్ణో!

ఇంకా పెద్ద ఖాతా సముద్రం అడుగున ఉంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే ఓడ మన కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్వితే, అడుగు మట్టిలో 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ దొరికింది. మంచుగడ్డలో ఇరుక్కున్న మీథేన్, అగ్గిపుల్ల పెడితే మంచు మండుతుంది. సరంగుకి ఇది చెప్తే "మండే ఐసా!" అని పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

పోటు తగిలి పడవ కదిలేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. హోప్ ఐలాండ్ వెళ్ళే టైం లేదు. పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర నుంచి దాన్ని దూరంగా ఒక గీతలా చూశాం, అంతే. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుక చూపిస్తానని మావాడు ఊరించి తీసుకొచ్చాడు. ఆ బాకీ అలాగే ఉంది. మొత్తం 24 సీసాలు అనుకున్నవి 15తో సరిపెట్టుకున్నాం. ఒడ్డు దిగుతుంటే సరంగు టీ కవరు చూపించి, "ఇది ఎక్కడ పడెయ్యమంటారండీ?" అని అడిగాడు. మేమిద్దరం ఒకేసారి చెయ్యి చాపాం. నా బ్యాగులోనే ఇంటికి వచ్చింది.

దార్లో ముమ్మిడివరం దాటాక, చేల పక్క బోదె కాలువ దగ్గర బండి ఆపమన్నాను. 1776లో ఓల్టా అనే ఆయన ఇటలీలో సరస్సు ఒడ్డు బురదని కర్రతో కెలికి, పైకొచ్చిన బుడగల్ని తిరగేసిన సీసాలో పట్టి అంటించాడని ఏటా చెప్తాను. ఎప్పుడూ చేసి చూడలేదు. మావాడు గాజు సీసా ఒకటి, గరాటు ఒకటి ఇచ్చాడు. వెదురు కర్రతో కెలికితే బుడగలు బుడబుడమని వచ్చాయి. సీసా సగం నిండడానికి ఇరవై నిమిషాలు పట్టింది, ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. గేదెలు తోలుకెళ్తున్న ఒకాయన ఆగి, "ఏం పోయిందండీ నీళ్ళలో?" అన్నాడు.

చీకటి పడేదాకా ఆగి బిరడా తీసి అగ్గిపుల్ల పెట్టాను. 'ఠప్' మని చిన్న చప్పుడు, సీసా మూతి దగ్గర నీలంగా ఒక్క క్షణం వెలిగి, లోపలికి పాకి ఆరిపోయింది. గేదెల ఆయన వెనక్కి ఒక అడుగు వేశాడు.

"ఇంకోసారి పెట్టండి చూద్దాం" అన్నాడు.

సీసా ఖాళీ. మళ్ళీ బోదెలోకి దిగాను.