రీ తవ్విన కొండ, గళ్లు గీసి తవ్విన కొండ

అనకాపల్లి దగ్గరి పాత బౌద్ధ క్షేత్రం శంకరం వెళ్లాలంటే పొద్దున్నే బయల్దేరాలి. విశాఖలో తెల్లవారకముందే రైలెక్కి అనకాపల్లిలో దిగాం. అక్కణ్ణుంచి ఆటోలో మూడు కిలోమీటర్లు ఉంటుంది. పొలాల నడుమ పక్కపక్కనే రెండు గుట్టలు: తూర్పున బొజ్జన్నకొండ, పడమట లింగాలకొండ. నీళ్లు మనిషికి రెండు లీటర్లు, ఒక మంచి టార్చిలైటు తప్పనిసరి. ఎండ ముదిరితే పైన రాయి కాలిపోతుంది, కాబట్టి తొమ్మిదిలోపు పైకి చేరడం మేలు.

శంకరం అన్న పేరులో శివుడు లేడు. సంఘారామం, అంటే బౌద్ధ భిక్షువుల మఠం, జనం నోట నలిగి శంకరమైంది. బుద్ధుడు బొజ్జన్న అయ్యాడు, వరసగా తొలిచిన రాతి స్తూపాలు లింగాలయ్యాయి. మఠం ఖాళీ అయిన తరువాత కూడా ఊరు ఈ కొండలను వదల్లేదనడానికి ఈ పేర్లే సాక్ష్యం.

బొజ్జన్నకొండ పెద్ద గుహలో 16 స్తంభాలు, వాటి నడుమ కొండరాతినే చెక్కి నిలిపిన స్తూపం ఉన్నాయి. ఇక్కడ టార్చిని ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు. గోడకు ఆనించి పక్కనుంచి వేయాలి, అప్పుడు ఉలి గాట్లు ఒక్కొక్కటే లేస్తాయి. కొన్నిచోట్ల పని ఆగిన జాడ కూడా తెలుస్తుంది. పైకెక్కితే రాతి పీఠం మీద ఇటుకతో కట్టిన మహాస్తూపం, చుట్టూ చిన్న ఇటుక స్తూపాలు. పాత ఇటుక ఈనాటి ఇటుకకు దాదాపు రెట్టింపు పొడవు. వంగి దగ్గరగా చూస్తే అందులో సన్నటి చిల్లులుంటాయి. మట్టిలో కలిపిన వరిపొట్టు బట్టీలో కాలిపోయి మిగిల్చిన ఖాళీలవి. అంచు పదునుగా ఉండి, పొట్టు గుర్తు లేక, కీలులో సిమెంటు కనిపిస్తే అది మరమ్మతులో పెట్టిన ఇటుక. ఈ తేడా తెలియకుండా కొండ దిగితే, చూసిందాంట్లో ఏది ఏనాటిదో చెప్పలేం.

ఈ కొండలను 1907 ప్రాంతంలో తవ్వించినవాడు బ్రిటిష్ కాలపు పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ. భట్టిప్రోలు స్తూపంలో 1892లో ధాతుపేటికలు (అస్థికలు దాచిన పెట్టెలు) వెలికి తీసింది కూడా ఈయనే. శంకరంలో సముద్రగుప్తుడి బంగారు నాణెం, విషమసిద్ధి బిరుదున్న తూర్పు చాళుక్య రాజు విష్ణువర్ధనుడి రాగి నాణేలు, గుర్రం బొమ్మ ఉన్న సీసపు నాణెం దొరికాయి. గుప్తుల కాలం నుంచి తూర్పు చాళుక్యుల దాకా ఇక్కడ జనం మసలారని చెప్పడానికి ఆ నాణేలే ఆధారం. రీ వల్లే ఈ చోటు నిలిచింది. కానీ ఆ రోజుల్లో తవ్వకమంటే గోడ కనబడగానే దాని వెంబడి మట్టి తీసుకుంటూ పోవడం. కట్టడం నక్షా చక్కగా వస్తుంది కానీ గోడకూ నేలకూ మధ్య మట్టి పొరల వరస చెరిగిపోతుంది. ఏ నాణెం ఏ నేల మీద పడిందో తరువాత ఎవరూ తేల్చలేరు. తీసిన మట్టిని మళ్లీ పొరలుగా పేర్చలేం కదా.

పద్ధతి మారింది 1944 తరువాతే. మార్టిమర్ వీలర్ భారత పురావస్తు సర్వే అధిపతిగా వచ్చి, గళ్ల పద్ధతిని మన తవ్వకందార్లకు నేర్పాడు. మేకులు కొట్టి నేలను చదరపు గళ్లుగా విడదీస్తారు. గడికీ గడికీ మధ్య మీటరు గట్టు తవ్వకుండా వదిలేస్తారు. ఆ గట్టు ముఖమే చదవాల్సిన పుస్తకం: మట్టి రంగు ఎక్కడ మారితే అక్కడ గీత గీసి, పొరకు అంకె వేస్తారు. దొరికిన పెంకుకు, నాణేనికి ఆ అంకె, లోతు రాసి సంచిలో పెడతారు. కొండనెత్తి మీద ఇది పల్లంలో ఉన్నంత తేలిక కాదు. మట్టి పలచన, కింద వెంటనే బండ. వాన కోసుకుపోయి పైపొర కిందపొరలో కలుస్తుంది, చెట్టువేళ్లు చిన్న నాణేన్ని కిందికి లాగేస్తాయి.

మధ్యాహ్నానికి విశాఖ తిరిగొచ్చి భీమిలి బీచ్‌రోడ్డు పట్టాం. మంగమారిపేట దగ్గర ఎడమకు తిరిగితే తొట్లకొండ. నౌకాదళం తన అవసరాలకు చేయించిన వైమానిక సర్వేలో ఈ చోటు బయటపడింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వింది. శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. సముద్రం మీదికి చూస్తూ నిలబడితే అవి ఏ దారిన వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. ముందు తొట్లను చూడండి. వాననీటి కోసం బండలో తొలిచిన ఈ తొట్ల వల్లే కొండకు ఆ పేరు. అవి లేకపోతే ఇంత ఎత్తున వేసవిలో భిక్షువులు ఉండలేరు.

ఇక్కడి మహాస్తూపంలో కొంత భాగం 2019 వానలకు కూలింది. ఇలాంటి కట్టడంలో లోపలి మట్టి నీరు పీల్చి ఉబ్బుతుంది, నీరు బయటికి పోయే దారి లేకపోతే చుట్టూ ఉన్న రాళ్లను తోసేస్తుంది. ఇప్పుడు కనిపించే చుట్టులో చాలామటుకు మళ్లీ పేర్చిందే. ఫొటో తీసుకునేవాళ్లు దాని మీద ఎక్కకూడదు. ఒక్క రాయి కదిలినా నీళ్లకు దారి దొరుకుతుంది.

దగ్గర్లోనే బావికొండ. అక్కడ 1980లలో జరిగిన తవ్వకంలో ఎముక ముక్క ఉన్న పాత్ర దొరికింది. అది బుద్ధుడిదేనని చాలామంది నమ్ముతారు. నమ్మకాన్ని గౌరవిస్తాను కానీ ఎముక తన పేరు తాను చెప్పదు. భట్టిప్రోలు పేటిక సంగతి వేరు, దాని మీద బుద్ధుడి శరీరధాతువులని బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉంది. బావికొండకు వెళ్లేవాళ్లు సాయంత్రం నాలుగులోపు పైన ఉండేలా చూసుకోవాలి. చీకటిపడితే వానల తరువాత పెరిగిన గడ్డిలో బాట ఆనదు, పాములు కూడా ఉంటాయి.