వాన లెక్కలు, షెల్ స్క్రిప్టులు: మృగశిర నుంచి మఖ దాకా

అనంతపురం వాళ్లకు వాన గురించి మాట్లాడటమంటే ఎన్ని మిల్లీమీటర్లు పడిందో మాట్లాడటమే. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడతాయి. ఏడాదికి సగటున దాదాపు 550 మిల్లీమీటర్లు పడే జిల్లాలో పది మిల్లీమీటర్ల తేడాతో శెనక్కాయ విత్తడం ఆగిపోతుంది, లేదా మొదలవుతుంది. అందుకే మా చుట్టాల్లో నాలుగు ఇళ్లలో ప్లాస్టిక్ వర్షమాపకాలు పెట్టుకున్నాం. ఉరవకొండ వైపు చిన్నాయన, కళ్యాణదుర్గం దగ్గర మామ, శింగనమల దగ్గర అక్క, టౌన్‌లో నేను. వాతావరణ శాఖ లెక్క పద్ధతిలోనే పొద్దున 8:30కి చూసి, అంతకుముందు 24 గంటల వానను ఆ రోజు తేదీ కింద వాట్సాప్ గ్రూపులో పెడతాం.

ఆ మెసేజ్‌లను పట్టికగా మార్చడం నా పని. పాత లాప్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్ ఉంది, దాని మీద బ్యాష్ స్క్రిప్టులు రాస్తున్నాను. బ్యాష్ అంటే మనం టైప్ చేసిన కమాండ్‌లను నడిపే షెల్, స్క్రిప్ట్ అంటే ఆ కమాండ్‌లను వరుసగా రాసుకున్న ఫైల్. ప్రతి ఊరికీ కార్తెవారీగా మొత్తం వాన, 2.5 మి.మీ. లేదా అంతకు మించి పడిన రోజులు, వాన లేకుండా గడిచిన పొడవైన ఎడం కావాలి. వాతావరణ శాఖ కూడా కనీసం 2.5 పడితేనే వర్షపు రోజుగా లెక్కిస్తుంది. కార్తెల లెక్క ఎందుకంటే మా వాళ్లు ఎవరూ జూలై రెండో వారం అనరు, పునర్వసు అంటారు.

మృగశిర

వాట్సాప్‌లో చాట్‌ని మీడియా లేకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక టెక్స్ట్ ఫైల్ వస్తుంది. ఒక్కో మెసేజ్ ముందు తేదీ, టైమ్, పంపినవాళ్ల పేరు ఉంటాయి. మెసేజ్ రెండు లైన్లుంటే రెండో లైన్‌కి తేదీ ఉండదు, ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫైల్ పేరులోనే ఖాళీలు ఉంటాయి కాబట్టి మొదటి చిక్కు అక్కడే వస్తుంది. ఆ పేరు దాచుకున్న వేరియబుల్‌ని డబుల్ కోట్స్ లేకుండా వాడితే షెల్ ఆ పేరును ఖాళీల దగ్గర ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ వేరే ఫైల్‌గా, లైన్లను వెతికే గ్రెప్ కమాండ్‌కి ఇస్తుంది. అటువంటి ఫైళ్లేవీ లేవని గ్రెప్ చెబుతుంది. చూసేవాడికి గ్రెప్ చెడిపోయినట్టు కనిపిస్తుంది, కానీ గ్రెప్‌కి చేరకముందే షెల్ ఆ పేరును విడగొట్టేసింది.

షెల్‌లో చాలా చిక్కులు ఇలాంటివే. నేను రాసిన లైన్ ఒకటి, షెల్ దాన్ని విప్పి కమాండ్‌కి అందించేది ఇంకొకటి. బ్యాష్‌ని మైనస్ ఎక్స్‌తో నడిపితే ప్రతి కమాండ్ విప్పిన తర్వాత ఎలా ఉందో ముందు ప్లస్ గుర్తు పెట్టి చూపిస్తుంది. అది చూడకుండా ఎవర్నీ సాయం అడగకూడదని ఇప్పుడు నా నియమం. షెల్‌చెక్ అనే టూల్ ఉంది, డెబియన్‌లో మామూలుగానే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కోట్స్ వదిలేసిన ప్రతి చోటా ఎస్‌సి2086 అని నంబర్‌తో సహా చెబుతుంది. స్క్రిప్ట్ సేవ్ చేయగానే దాన్ని ఒకసారి నడపడం అలవాటు చేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

రెండో చిక్కు ఇంకా లోతైనది. పొద్దుటి మెసేజ్‌లను వేరు చేయడానికి టైమ్, ఖాళీ, ఏఎం అని గ్రెప్‌లో వెతికితే ఒక్క లైన్ కూడా రాలేదు. ఫైల్ తెరిస్తే కళ్ల ముందే ఉన్నాయి. మా కాలనీలో ఒక అన్న ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో సిస్టమ్స్ చూసుకుంటాడు. ఆయనకు స్క్రీన్ ఫోటో పంపాను. ఆయన ఫోన్ చేసి, "ఫోటోలో ఏం కనపడదప్పా. ఆ ఫైల్లో మూడు లైన్లు తీసి ఫైల్‌గానే పంపు. నువ్వు కొట్టిన కమాండ్, ఏం రావాల, ఏం వచ్చింది, అంతే రాయి" అన్నాడు.

ఆ మూడు లైన్లను ఆయన, ఫైల్‌లోని బైట్లను చూపించే ఓడీ కమాండ్‌కి మైనస్ సీ ఇచ్చి చూశాడు. టైమ్‌కీ ఏఎంకీ మధ్య ఖాళీ ఉండాల్సిన చోట 342 200 257 అని మూడు సంఖ్యలు ఉన్నాయి. అది మామూలు స్పేస్ కాదు. లైన్ అక్కడ విరగకుండా పెట్టే సన్నటి స్పేస్, యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచుకునే పద్ధతి) మూడు బైట్లు. దాన్ని బ్యాష్‌లో $'\342\200\257' అని రాసుకుని, టెక్స్ట్‌ని మార్చే సెడ్ కమాండ్‌తో మామూలు స్పేస్‌గా మార్చేశాను. ఇప్పుడు స్క్రిప్ట్‌లో మొట్టమొదటి పని అదే.

ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో ముఖ్యమైన సంగతి: కమాండ్‌లను వాట్సాప్ మెసేజ్‌గా టైప్ చేసి పంపొద్దు. రెండు నక్షత్రం గుర్తుల మధ్య ఉన్నదాన్ని వాట్సాప్ బోల్డ్ చేసి గుర్తులను మింగేస్తుంది. అండర్‌స్కోర్లతో ఇటాలిక్ చేస్తుంది. అవతలివాళ్లకు చేరేది మనం రాసిన కమాండ్ కాదు. టెక్స్ట్ ఫైల్‌గా అటాచ్ చేస్తే ఏ గుర్తూ పోదు.

ఇదే కార్తెలో 08 సమస్య కూడా వచ్చింది. తేదీల మధ్య ఎడం లెక్కపెట్టే భాగం జూన్ 7 దాకా బాగా నడిచి, 8న ఆగిపోయింది. వాల్యూ టూ గ్రేట్ ఫర్ బేస్ అని ఎర్రర్. సున్నాతో మొదలయ్యే సంఖ్యను బ్యాష్ ఎనిమిది ఆధారంగా ఉన్న సంఖ్య అనుకుంటుంది. ఆ పద్ధతిలో 8, 9 అంకెలే లేవు. 07 వరకు ఇబ్బంది లేదు, 08, 09 దగ్గర ఆగిపోతుంది, 10 నుంచి మళ్లీ మామూలే. $((10#08)) అని పది ఆధారమని ముందే చెబితే సరిపోతుంది. నెలల్లో ఆగస్టు, సెప్టెంబర్లకు కూడా ఇదే గతి కాబట్టి అక్కడా మార్చిపెట్టాను.

ఆరుద్ర

వాన 12.5 అని వస్తుంది, బ్యాష్‌కి దశాంశాలు రావు. దాని లెక్కలన్నీ పూర్ణ సంఖ్యలే. అందుకని కూడికలన్నీ, పట్టికల్లో లెక్కలు చేసే ఆక్ అనే టూల్‌కి అప్పగించాను. ఇందులో చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు. ఎవరైనా దశాంశాలను బ్యాష్‌లోనే చేయాలని పంతం పడితే వద్దని చెబుతాను.

పునర్వసు

ఈ కార్తె పనే అన్నిటికన్నా నాకు ముఖ్యం. పట్టిక గ్రూపులో పెట్టిన సాయంత్రమే మామ ఫోన్ చేశాడు. "ఏమల్లుడా, మొన్న మా ఊర్లో అంత వాన పడితే నీ కాగితంలో సున్నా ఉందే?" అని. ఎక్కడా ఎర్రర్ లేదు. షెల్‌చెక్ కూడా ఏమీ అనలేదు.

మామ రిటైర్డ్ తెలుగు టీచర్. అంకెలను కూడా తెలుగులోనే పెడతాడు. ౧౨.౫ అని పంపాడు. ఆక్‌కి అది సంఖ్య కాదు, వట్టి అక్షరాలు. సంఖ్య కాని దానితో కూడిక చేయమంటే ఆక్ ఎర్రర్ ఇవ్వదు, దాన్ని సున్నాగా తీసుకుని ముందుకు పోతుంది. వాన లెక్కలో ఇంతకన్నా ప్రమాదం లేదు. సున్నా అన్నది మా దగ్గర నమ్మదగ్గ అంకె మరి, ఎవరికీ అనుమానం రాదు.

మామను ఇంగ్లీషు అంకెలు వాడమని చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆయన రాసే పద్ధతికి స్క్రిప్టే అలవాటు పడాలి. అంకెలు మార్చాలంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది టీఆర్ కమాండ్. tr '౦-౯' '0-9' అని ఇచ్చి చూస్తే లైన్ మొత్తం సంబంధం లేని అంకెలతో, విరిగిన గుర్తులతో నిండిపోయింది. జిఎన్‌యు టీఆర్ ఒక్కో బైట్‌నే చూస్తుంది. ఒక్కో తెలుగు అంకె యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఆ మూడింటినీ అది మూడు వేర్వేరు గుర్తులుగా మారుస్తుంది, అవే బైట్లు ఉన్న తెలుగు అక్షరాలను కూడా వదలదు.

సెడ్‌లో వై అనే కమాండ్ ఉంది. మొదటి వరుసలో ౦౧౨౩౪౫౬౭౮౯, రెండో వరుసలో 0123456789 ఇస్తే ఒక్కో గుర్తును దాని జతతో మారుస్తుంది. లొకేల్ (భాష, అక్షరాల పద్ధతి చెప్పే సెట్టింగ్) యూటీఎఫ్-8 అయితే సెడ్ బైట్లను కాకుండా గుర్తులను లెక్కపెడుతుంది కాబట్టి పది, పది సరిపోయి చక్కగా పనిచేస్తుంది. మామ సున్నా ఆ రాత్రికే 12.5 అయింది.

ఇది తేలాక తెలుగు డేటాతో పనిచేసే ప్రతి కమాండ్‌ని విడిగా పరీక్షించాను. లెక్కపెట్టే డబ్ల్యూసీ కమాండ్‌కి మైనస్ సీ ఇస్తే బైట్ల లెక్క, మైనస్ ఎమ్ ఇస్తే గుర్తుల లెక్క. డెబియన్‌లో ఆక్ పేరుతో సాధారణంగా ఉండేది మాక్ అనే రకం, నా మిషన్‌లో అది పొడవును బైట్లలో చెప్పింది. గాక్ అనే ఇంకో రకం ఇన్‌స్టాల్ చేస్తే గుర్తుల్లో చెబుతుంది, నేను దానికి మారాను. ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టేవాళ్లు ఇంకోటి గమనించాలి. లినక్స్ డిస్క్‌లో ఫైళ్లను దాచే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫైల్ పేరు పరిమితి 255 బైట్లు. తెలుగు గుర్తుకు మూడు చొప్పున 85 గుర్తులే పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడిగా లెక్కకు వస్తాయి, అంటే కంటికి కనిపించే అక్షరాలు ఇంకా తక్కువ. ఊరు, కార్తె, సంవత్సరం అన్నీ పేరులో పెట్టాలనుకునే నాలాంటి వాళ్లకు ఇది ముందే తెలిస్తే మంచిది.

సాయం అడిగేటప్పుడు ఇవి ఎందుకు ముఖ్యమంటే, ఇంగ్లీషు డేటాతో పనిచేసే వాళ్లకు బైట్ అన్నా గుర్తు అన్నా ఒకటే. వాళ్లు ఇచ్చే సలహా వాళ్ల దగ్గర నిజంగానే పనిచేస్తుంది. మనం శాంపిల్‌గా ఇంగ్లీషు పేర్లు పెట్టి అడిగితే సరైన జవాబే వస్తుంది, మన ఫైల్ మీద మాత్రం పారదు. అందుకని శాంపిల్‌లో తెలుగు లైన్లనే ఉంచాలి, పక్కన ఓడీ చూపించిన బైట్లు కూడా పెట్టాలి.

పుష్యమి

రోజూ 9 గంటలకు స్క్రిప్ట్ దానంతట అదే నడవాలని, చెప్పిన టైమ్‌కి కమాండ్‌లు నడిపే క్రాన్‌లో పెట్టాను. చేత్తో నడిపితే బాగానే ఉంది, క్రాన్‌లో సెడ్ ఎర్రర్ ఇచ్చింది: వై కమాండ్‌లో రెండు వరుసల పొడవులు వేరుగా ఉన్నాయని. పది, పది కదా అని అన్నకు చూపిస్తే, "లొకేల్ చూసినావా?" అని ఒక్క మాటే అడిగాడు. నా క్రాన్‌కి యూటీఎఫ్-8 లొకేల్ అందడం లేదు. అది లేకపోతే సెడ్ కూడా బైట్లే లెక్కపెడుతుంది, అప్పుడు తెలుగు అంకెల వరుస 30, ఇంగ్లీషు వరుస 10. క్రాన్ పనులు రాసుకునే క్రాన్‌టాబ్ ఫైల్ పైన ఎల్‌ఏఎన్‌జీకి సీ డాట్ యూటీఎఫ్-8 అని ఒక లైన్ రాస్తే తీరిపోయింది. చేత్తో నడిచి క్రాన్‌లో నడవనిది ఏదైనా ఉంటే, ఇలాంటి సెట్టింగులు చూపించే ఎన్వ్ కమాండ్ అవుట్‌పుట్‌ని రెండు చోట్లా ఫైల్‌లోకి తీసి డిఫ్‌తో పోల్చడం ఇప్పుడు నా మొదటి అడుగు. క్రాన్‌లో పాత్ (కమాండ్‌లను వెతికే ఫోల్డర్ల జాబితా) కూడా పొట్టిగా ఉంటుంది, సొంత ఫోల్డర్‌లో పెట్టుకున్న స్క్రిప్టులకు పూర్తి దారి రాయాలి.

ఆశ్లేష

ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకోదానికి అందించే పైప్‌లోంచి, లైన్లను ఒక్కొక్కటిగా చదివే వైల్ లూప్‌కి లైన్లు ఇచ్చి, లూప్ లోపల కూడిన మొత్తం బయటికొచ్చాక ఖాళీగా ఉండటం షెల్ రాసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకసారి ఎదురయ్యేదే. పైప్‌లో ఉన్న లూప్ సబ్‌షెల్ అనే వేరే షెల్‌లో నడుస్తుంది, అందులో మారిన వేరియబుల్ అక్కడితోనే పోతుంది. పైప్ తీసేసి, లూప్ చివర < గుర్తుతో ఫైల్‌నే నేరుగా ఇచ్చాను.

దానికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మెసేజ్ రాని రోజులు. అక్క ఊళ్లో రెండు రోజులు సిగ్నల్ లేదు. వాన లేదు అనడం వేరు, కబురు లేదు అనడం వేరు. స్క్రిప్ట్ ఇప్పుడు కబురు లేని రోజుకు గీత పెడుతుంది. ఆక్ ఆ గీతను కూడా సున్నాగానే తీసుకుంటుంది కాబట్టి, కూడే ముందు ఆ గడిలో నిజంగా అంకె ఉందో లేదో సరిచూస్తాను. వాన లేని ఎడం లెక్కలో మధ్యలో గీత వస్తే లెక్కను అక్కడే ఆపి, ఫలితం ముందు "కనీసం" అని చేరుస్తుంది. తెలియని రోజును ఎండిన రోజుగా రాయడం నాకు సమ్మతం కాదు. ఈ పట్టిక చూసి చిన్నాయన విత్తనం విషయం తేల్చుకుంటాడు.

కార్తెల కోసం విడిగా ఒక ఫైల్ పెట్టుకున్నాను. పంచాంగం చూసి ఒక్కో లైన్‌లో మొదలయ్యే తేదీ, పేరు రాశాను. తేదీలను సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే వాటిని అక్షరాల్లా పోల్చినా కాలక్రమం తప్పదు, కాబట్టి తేదీ లెక్కలే అక్కర్లేదు. ఆక్ ముందు ఆ ఫైల్ చదివి, తర్వాత వానల ఫైల్‌లో ప్రతి తేదీనీ దాని కార్తెలో వేస్తుంది.

మఖ

ఇప్పుడు నాలుగు ఊళ్ల పట్టిక ప్రతి ఉదయం తయారవుతోంది. నిలువు వరుసలు మాత్రం ఇంకా కుదరలేదు. వరుసగా అచ్చువేసే ప్రింట్ఎఫ్ కమాండ్ తెలుగు పేర్ల వెడల్పును సరిగ్గా లెక్కించడం లేదు, అందుకని ప్రస్తుతానికి గడుల మధ్య ట్యాబ్ పెట్టి లిబ్రేఆఫీస్‌లో తెరుస్తున్నాను.

చిన్నాయన దగ్గర పాత నోట్‌బుక్ ఉంది, అందులో గత సంవత్సరాల వానలు చేత్తో రాసి ఉన్నాయి. దాన్ని టైప్ చేయడానికి అక్క కూతురు ఒప్పుకుంది. లైన్‌కి ఒక తేదీ, ఒక ట్యాబ్, ఒక అంకె. చదవడానికి రాని చోట గీత. ఏ అంకెలు వాడాలని అడిగింది, ఏవైనా సరే అన్నాను.