కరేబియన్ హనీమూన్: ముందు ముహూర్తం, తర్వాత దారి, చివర్లో రిసార్టు

కరేబియన్ హనీమూన్ అనగానే చాలామంది రిసార్టు ఫొటోల దగ్గర మొదలుపెడతారు. గది నచ్చింది కదా అని అడ్వాన్సు కట్టేస్తారు. తీరా టికెట్లు వెతికితే లండన్‌లో ఎయిర్‌పోర్టు మారాలని, దానికి వేరే వీసా కావాలని అప్పుడు తెలుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి బయల్దేరే జంటకి ఖర్చు తేల్చేది ముందు నెల, తర్వాత దారి, ఆ తర్వాత దీవి. గది నాలుగోది. ఈ వరసలో వెళ్తే ఏడు లక్షల లోపే మూడు రాత్రులు దర్జాగా, మిగతావి హాయిగా గడపొచ్చు.

నెల సంగతి. అక్కడ గదుల రేట్లు డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఆకాశంలో ఉంటాయి. యూరప్, అమెరికా వాళ్లు చలి తప్పించుకోడానికి వచ్చే కాలం అది. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ సీజను. అందులో ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అసలు ఉధృతి. ఇప్పుడు మన పంచాంగం పక్కన పెట్టి చూడండి. మాఘ, ఫాల్గుణాల్లో పెళ్లయితే పీక్ రేట్లు కట్టాలి. శ్రావణంలో అయితే తుఫాన్ల మధ్యలోకి వెళ్తారు. వైశాఖ ముహూర్తాలు మాత్రం సరిగ్గా కుదురుతాయి: ఏప్రిల్ చివర, మే నెలల్లో రేట్లు దిగుతాయి, హరికేన్లు ఇంకా మొదలవ్వవు. పైగా ఆషాఢం వచ్చి కొత్త పెళ్లికూతుర్ని పుట్టింటికి పంపేలోగా తిరిగి వచ్చేయొచ్చు. కార్తీక, మార్గశిరాల్లో పెళ్లి చేసుకునేవాళ్లకి నవంబరు చివర నుంచి డిసెంబరు రెండో వారం దాకా ఇంకో మంచి సందు దొరుకుతుంది.

శ్రావణంలోనే వెళ్లక తప్పదంటే దక్షిణాన ఉన్న టొబాగో, అరూబా, కురసావ్ చూడండి. హరికేన్ల దారికి అవి దిగువన ఉంటాయి. గ్రెనడా కూడా దక్షిణమే కదా, అక్కడికి తుఫాను రాదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. 2024 జులై 1న బెరిల్ హరికేన్ గ్రెనడాకి చెందిన కారియాకూ దీవిని ఊడ్చేసింది. తిత్లీ, హుద్‌హుద్ చూసిన జిల్లాలవాళ్లకి అంతకంటే చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో ప్రయాణ బీమా టికెట్ కొన్న రోజే తీసుకోవాలి. తుఫానుకి పేరు పెట్టాక తీసుకున్న పాలసీ సాధారణంగా ఆ తుఫాను నష్టానికి వర్తించదు.

ఇక దారి. మన దేశం నుంచి కరేబియన్‌కి నేరుగా విమానం లేదు. బార్బడోస్, గ్రెనడా, జమైకా, ట్రినిడాడ్ అండ్ టొబాగో, డొమినికా దేశాలు భారతీయ పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులను ముందస్తు వీసా లేకుండానే రానిస్తాయి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు ఆ దేశపు అధికారిక సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. డొమినికా వేరు, డొమినికన్ రిపబ్లిక్ వేరు. రెండో దానికి ఈ వెసులుబాటు లేదు. మార్టినిక్, గ్వాడెలూప్ ఫ్రాన్స్ భూభాగాలే అయినా, మామూలు షెంగెన్ వీసా (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) అక్కడ చెల్లదు. వాటి పేరు వీసా మీద విడిగా ఉండాలి. పక్క దీవి నుంచి ఫెర్రీలో వెళ్లొద్దామనుకున్న జంటలు రేవు దగ్గర ఆగిపోయేది దీనివల్లే.

దీవికి వీసా అక్కర్లేకపోయినా, మధ్యలో దిగే దేశానికి కావాల్సి రావచ్చు. అమెరికాలో విమానం మారినా వీసా ఉండాల్సిందే, అక్కడ బయటికి రాకుండా మారే సదుపాయం లేదు. కెనడాలో మారినా వీసా కావాలి. లండన్ అయితే, ఇమిగ్రేషన్ దాటకుండా లోపలే మారేవాళ్లకి ఎయిర్‌సైడ్ ట్రాన్సిట్ వీసా ఒకటి ఉంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వీసాల్లో చెల్లుబాటులో ఉన్నది ఒకటి ఉంటే చాలావరకు అది కూడా అక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, చవగ్గా కనిపించే టికెట్లలో కొన్ని లండన్‌లోని హీత్రో ఎయిర్‌పోర్టులో దింపి గాట్విక్ ఎయిర్‌పోర్టులో ఎక్కిస్తాయి, ఇంకొన్ని మర్నాటి విమానానికి కలుపుతాయి. రెండింటికీ బయటికి రావాలి. అప్పుడు ఎయిర్‌సైడ్ వీసా పనికిరాదు, బయటికి వచ్చే వీసా తీసుకోవాలి. దాని రుసుం, లండన్‌లో ఒక రాత్రి గది కలిపితే చవక టికెట్ ఖరీదైపోతుంది. హైదరాబాద్ నుంచి హీత్రోకి, హీత్రో నుంచే బార్బడోస్‌కి, ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్న టికెట్ పదిహేను వేలు ఎక్కువైనా అదే కొనండి. మొదటి విమానం ఆలస్యమైతే తర్వాతి దానిలో ఎక్కించే బాధ్యత ఆ సంస్థ మీద ఉంటుంది. విడివిడిగా కొంటే రెండో టికెట్ నీళ్లపాలే.

వైజాగ్–హైదరాబాద్ ముక్క విడిగా కొంటే లగేజీ దగ్గర దెబ్బ తగులుతుంది. దేశీయ విమానంలో సాధారణంగా మనిషికి 15 కిలోలు, అంతర్జాతీయ టికెట్‌లో 23 కిలోల బ్యాగు. ఆ ఎనిమిది కిలోలకీ వైజాగ్ కౌంటర్‌లో డబ్బు కట్టిస్తారు. శ్రీకాకుళం రోడ్‌లోనో, విజయనగరంలోనో ఫలక్‌నుమా ఎక్కి ఒక రోజు ముందే సికింద్రాబాద్‌లో దిగితే ఆ గొడవ ఉండదు.

పాస్‌పోర్టులో పేర్లు చూసుకోండి. పెళ్లయ్యాక అమ్మాయి ఇంటిపేరు మారుతుంది, పాస్‌పోర్టులో పాతదే ఉంటుంది. పాతదాని మీదే టికెట్ తీయండి, హనీమూన్ కోసం పాస్‌పోర్టు మార్చక్కర్లేదు. కొత్త ఇంటిపేరుతో టికెట్ తీస్తే కౌంటర్‌లో ఆపేస్తారు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్నవాళ్లు మన దగ్గర చాలామంది. వాళ్లు టికెట్ కొనే ముందే ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి పేరు ఎలా రాయాలో అడగాలి. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాయమంటారు. తిరుగు తేదీ నాటికి పాస్‌పోర్టు ఇంకా ఆరు నెలలు చెల్లేలా ఉండాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకున్న పెళ్లి సర్టిఫికెట్ స్కాన్ ఫోన్‌లో ఉంచుకోండి. వీసా అప్లికేషన్‌కీ, హనీమూన్ రాయితీ ఇచ్చే హోటళ్లకీ అదే చూపించాలి.

దీవి ఏది? మొదటిసారి వెళ్లేవాళ్లకి మా ఓటు బార్బడోస్‌కి. పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. మన జిల్లాలో ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్లే దూరం కూడా ఉండదు, అందుకే రెండు చోట్ల ఉండటం సులువు. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరుకి సమానం, ఆ రేటు మారదు. బస్సెక్కితే ఎంత దూరమైనా మూడున్నర స్థానిక డాలర్లే. బీచ్‌లన్నీ ప్రజలవే, ఖరీదైన హోటల్ ముందున్న ఇసక మీద మీరు తువ్వాలు పరుచుకుని కూర్చున్నా లేపే హక్కు ఎవరికీ లేదు. దర్జాని, పొదుపుని కలపడానికి ఇంతకంటే అనువైన దీవి కనపడదు. 2024 జూన్ 29న మనవాళ్లు టీ20 కప్పు గెలిచిన కెన్సింగ్టన్ ఓవల్ కూడా ఇక్కడే, అబ్బాయిలు ఎలాగూ అడుగుతారు.

ఏడు రాత్రులుంటే మొదటి నాలుగు దక్షిణ తీరంలో వర్తింగ్, సెయింట్ లారెన్స్ గ్యాప్ వైపు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్‌లో తీసుకోండి. చివరి మూడు పడమటి తీరంలో హోల్‌టౌన్, పేన్స్ బే వైపు మంచి హోటల్‌లో. ఈ వరస తిరగేయొద్దు. మొదటి రెండు రోజులు తొమ్మిదిన్నర గంటల కాలం తేడాతో మధ్యాహ్నమే నిద్ర ముంచుకొస్తుంది, ఆ నిద్రకి ఖరీదైన గది దండగ. మార్చి నుంచి ఆగస్టు దాకా తూర్పు, ఆగ్నేయ తీరాలకి సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కొట్టుకొస్తుంది, కుళ్లితే కోడిగుడ్డు మురిగిన వాసన. పడమటి తీరానికి ఇది చాలా తక్కువ. మేలో వెళ్లేవాళ్లు ఖరీదైన రాత్రులు అటు పెట్టుకోవడానికి ఇది ఇంకో కారణం.

గది, తిండి, మందు అన్నీ కలిపి ఒకే ధరకిచ్చే ఆల్ ఇన్‌క్లూజివ్ ప్యాకేజీ అంటే ఎగబడొద్దు. దాని ధరలో మందు ఖర్చు పెద్ద వాటా. ఇద్దరూ తాగనివాళ్లైతే, అందులోనూ శాకాహారులైతే, పక్కవాళ్ల బిల్లు మీరు కట్టినట్టే. గది, టిఫిన్ మాత్రం ఉన్న రేటు చాలు. డాలరు 90 రూపాయలు అనుకుని లెక్క వేద్దాం. అపార్ట్‌మెంట్ నాలుగు రాత్రులు 110 డాలర్ల చొప్పున 440, హోటల్ మూడు రాత్రులు 350 చొప్పున 1,050. సైట్‌లో కనిపించే రేటు మీద పన్ను, సర్వీస్ ఛార్జీ 20 శాతం దాకా పడొచ్చు, బుకింగ్‌లో చివరి పేజీ దాకా వెళ్తే గానీ అవి కనిపించవు. కలిపితే సుమారు 1,790 డాలర్లు, అంటే లక్షా అరవై ఒక్క వేలు. తిండికి, బస్సులకి రోజుకి 70 డాలర్ల లెక్కన నలభై నాలుగు వేలు. తాబేళ్ల దగ్గర ఈత కొట్టించే కెటమరాన్ పడవకి ఇద్దరికీ ఇరవై వేలు పక్కన పెట్టండి. ఇద్దరి విమాన టికెట్లు మూడు లక్షల ఇరవై వేలకి దొరికాయనుకుంటే మొత్తం ఐదున్నర లక్షలకి దగ్గర. వీసాలు, బీమా, హైదరాబాద్ ప్రయాణం, చేతి ఖర్చులకి ఇంకో లక్ష. టికెట్ రేటు ముప్పై వేలు పెరిగితే హోటల్ ఒక రాత్రి తగ్గించండి, మూడూ ఎత్తేయొద్దు.

ఏజెంటు ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది. కాకపోతే అంతవరకు మీ చేతిలో ఉండదు, బడ్జెట్‌లో లెక్క వేసుకోండి. మామూలు క్రెడిట్ కార్డులు విదేశీ వాడకం మీద మూడున్నర శాతం దాకా మార్కప్ (అదనపు ఛార్జీ), దాని మీద జీఎస్టీ వేస్తాయి. మార్కప్ లేని కార్డు ఒకటి రెండు నెలల ముందే తీసుకుంటే మంచిది. హోటల్‌లో దిగేటప్పుడు డిపాజిట్ కింద కొంత సొమ్ము బ్లాక్ చేస్తారు. ఫారెక్స్ కార్డు (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) ఇస్తే ఆ డబ్బు వారాల తరబడి ఇరుక్కుంటుంది, దీనికి మాత్రం క్రెడిట్ కార్డే ఇవ్వండి.

తిండి విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు కరెంటు కుక్కర్ మోసుకెళ్లడం. బార్బడోస్‌లో కరెంటు 115 వోల్టులు. మన 230 వోల్టుల 700 వాట్ల కుక్కర్ అక్కడ 175 వాట్లే లాగుతుంది, అన్నం ఉడకదు, నానుతుంది. అపార్ట్‌మెంట్‌లో పొయ్యి ఉంటుంది, చిన్న గిన్నె చాలు. గ్రెనడాలో మాత్రం మనలాగే 230 వోల్టులు. పొడులు, పలాస జీడిపప్పు సీలు ప్యాకెట్లలో పట్టుకెళ్లి, దిగాక ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి. ఆవకాయ సీసా చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గరే వదిలేయాలి. బయట తినేటప్పుడు ‘రైస్ అండ్ పీస్’లో (చిక్కుడు జాతి గింజలు వేసి వండే అన్నం) మాంసం ఏమైనా వేశారా అని అడగండి, పేరు చూసి శాకాహారం అనుకోవద్దు. రోటీ దుకాణాల్లో శనగలు, బంగాళాదుంపల కూర దొరుకుతుంది.

బట్టల్లో మిలిటరీ డిజైన్‌వి ఏవీ పెట్టొద్దు. బార్బడోస్‌లో సామాన్యులు అవి వేసుకోవడం నేరం. బీచ్‌ల వెంట మాంచినీల్ అనే చెట్టుంటుంది, చాలాచోట్ల మానుకి ఎర్ర పట్టీ వేస్తారు. పండు తింటే విషం, వాన పడుతున్నప్పుడు కింద నిలబడినా చర్మం బొబ్బలెక్కుతుంది. బత్‌షీబా తూర్పు తీరంలో ఫొటోలకి బాగుంటుంది, ఈతకి ప్రమాదం.

ట్రినిడాడ్ మీదుగా వెళ్లేవాళ్లకి ఒక్క హెచ్చరిక. ఆ దీవి ఎల్లో ఫీవర్ (దోమలతో వచ్చే జ్వరం) ముప్పు ఉన్న చోట్ల జాబితాలో ఉంది. అక్కడ ఉండి వచ్చాక టీకా సర్టిఫికెట్ లేకపోతే మన దేశంలో దిగినప్పుడు ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, వైజాగ్‌లోని పోర్ట్ హెల్త్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ కోసం ముందు అడగండి.

పెళ్లి నగలు లాకర్లో ఉంచి మంగళసూత్రం, గాజులతో వెళ్లండి. బరువైన బంగారం తీసుకెళ్లాలంటే బయల్దేరేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి, లేకపోతే తిరిగొచ్చాక అది మీదేనని నిరూపించుకోవడం కష్టం. ఇక చివరి రోజు. లండన్ విమానాలు ఎక్కువగా సాయంత్రం బయల్దేరతాయి, హోటల్ గది మాత్రం మధ్యాహ్నానికల్లా ఖాళీ చేయాలి. బుక్ చేసేటప్పుడే మెయిల్ రాసి లేట్ చెకౌట్ కానీ, స్నానానికి ఒక గది కానీ అడగండి. హనీమూన్ అని చెబితే చాలా హోటళ్లు ఉచితంగానే ఇస్తాయి. ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడి అడిగితే సగం రోజు అద్దె వేస్తారు.