పొట్టలో పట్టుగూడు

నొప్పి బొడ్డు చుట్టూ మొదలయ్యేది. మెలిపెట్టి, కాసేపు వదిలేసి, మళ్లీ మెలిపెట్టేది. పొట్ట మధ్యలో మెత్తటి ఉబ్బు లేచి, గుడగుడమంటూ పక్కకు జరిగేది. రెండు మూడు గంటలకు పసరు వాంతి అయ్యాక అంతా సర్దుకునేది. పద్నాలుగు నెలల్లో ఇలా పదకొండు సార్లు. ప్రతిసారీ గ్యాస్ అన్నారు, పరగడుపున వేసుకొమ్మని మాత్ర రాశారు. 52 కిలోలున్నదాన్ని 43కి దిగాను. సర్జికల్ వార్డులో తొమ్మిదేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్న నేనే ఆ మాట నమ్మాను. చివరికి తేలింది గ్యాస్ కాదు, పేగుల చుట్టూ గూడులా పొర కట్టే జబ్బు. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

నొప్పి అలలుగా వచ్చిపోవడం, వాంతి పచ్చగా ఉండటం, నొప్పి ఉన్నంతసేపూ కింద నుంచి గాలి పోకపోవడం, నెలనెలా బరువు తగ్గడం: ఈ నాలుగూ కలిస్తే పేగు ఎక్కడో అడ్డుపడుతోందని అనుమానించాలి. పరీక్ష నొప్పి ఉన్నప్పుడే చేయించాలి. నాకు రెండుసార్లు అల్ట్రాసౌండ్ తీశారు, రెండూ నొప్పి తగ్గాక తీసినవే. రెండూ నార్మల్. పన్నెండోసారి నొప్పి మీదే ఆస్పత్రికి వెళితే, నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో గాలి, నీరు మెట్లు మెట్లుగా కనిపించాయి. అదే రోజు కాంట్రాస్ట్‌ (స్కాన్‌లో పేగులు స్పష్టంగా కనబడేందుకు ఇచ్చే మందు) ఇచ్చి సీటీ తీశారు.

చిన్నపేగంతా పొట్ట మధ్యకు చేరి, ఒకే సంచిలో కుక్కినట్టుంది. చుట్టూ ఒక పొర. మడతలు దగ్గరగా ముడుచుకుని కాలీఫ్లవర్‌లా కనబడతాయని రేడియాలజిస్టులు అంటారు. రిపోర్టులో పేరు పెద్దదే గానీ, వాడుకలో దీన్ని అబ్డామినల్ కకూన్ అంటారు. 1978లో సింగపూర్ సర్జన్లు ఆడపిల్లల్లో చూసిన కేసులకు ఆ పేరు పెట్టారు. మా అత్తగారి ఊరు హిందూపురం పక్కనే, ఇంట్లో పట్టుపురుగులు మేపుతారు. గూడు అనగానే ఏం జరిగి ఉంటుందో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

పేగుల మీద ఉండే పెరిటోనియం పొర వాచి, దానిలోంచి ఊరిన జిగురు క్రమంగా గట్టిపడితే ఈ గూడు తయారవుతుంది. మన దేశంలో ముందుగా అనుమానించాల్సింది క్షయ. ఏళ్ల తరబడి పొట్ట ద్వారా డయాలసిస్ చేయించుకునేవాళ్లలోనూ వస్తుంది. కొందరిలో ఏ కారణమూ దొరకదు. నాకు దగ్గు లేదు, ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అంతమాత్రాన పొట్టలో క్షయ లేదని కొట్టిపారేయకూడదు.

బెంగళూరులో ఆపరేషన్ చేశారు. పొట్టకు నిలువు కోత. సర్జన్ తరవాత ఫోటో చూపించారు. తెల్లగా, నున్నగా, ముదురు బోండాంలో మీగడ పేరుకున్నట్టు పొర, అందులో పేగు ఆనవాలే తెలియదు. పట్టుగూడును వేడినీళ్లలో నానబెడితే దారం కొస దొరుకుతుంది, లాగితే అదే విప్పుకుంటుంది. ఈ గూటికి కొస ఉండదు. రక్తనాళాలు లేనిచోట చిన్న గాటు పెట్టి, పొరనూ పేగునూ వేలెడు వేలెడు విడదీస్తూ పోవాలి. తొందరపడి లాగితే పేగు చిరుగుతుంది. చిరిగినచోట కుట్టు వేసినా, వాచిన పేగు కాబట్టి లీకై ఫిస్టులా (పేగులోది బయటికి కారే దారి) అయ్యే ప్రమాదం ఉంది. అందుకే మరీ అతుక్కున్నచోట పొర ముక్కను అలాగే వదిలేస్తారు. పేగు చచ్చుబడితే తప్ప కోసి తీసేయరు. నాకు నాలుగున్నర గంటలు పట్టింది, రెండుచోట్ల పొర వదిలేశారు. తీసిన ముక్కను బయాప్సీకీ, క్షయ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకీ పంపితే క్షయ తేలింది.

ఆ తరవాత పేగు మేలుకునేదాకా ఆగడమే అన్నిటికన్నా కష్టం. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబు, పసరు బయటికి తీసే గొట్టం. మొదటిరోజు 1,100 మి.లీ. పసరు వచ్చింది, ఆరోరోజుకు 250కి దిగింది. గాలి పోయింది ఏడోరోజు. ఇన్నాళ్లు పట్టడం ఈ ఆపరేషన్‌లో వింతేమీ కాదు, ఎవరూ కంగారుపడొద్దు. రక్తంలో పొటాషియం తగ్గితే పేగు ఇంకా మొద్దుబారుతుంది, కాబట్టి అది చూస్తూ ఉండాలి. మార్ఫిన్ జాతి నొప్పి మందులూ పేగును నిదానింపజేస్తాయి.

నాలా బాగా చిక్కినవాళ్లకు ఒక్కసారిగా తిండి పెట్టడం ప్రమాదం. రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండె లయ తప్పవచ్చు. నాకు ముందు థయామిన్ (బి1 విటమిన్) ఇంజెక్షన్ ఇచ్చి, గంటకు 30 మి.లీ. నీళ్లతో మొదలుపెట్టారు. మర్నాడు పల్చటి గంజి, ఆపైన వడగట్టిన రాగిజావ. మా వాళ్లు రెండోరోజే మజ్జిగన్నం తెచ్చారు, ప్రేమతోనే. వద్దని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మునక్కాడలు, బత్తాయి తొనల పొర, జామగింజలు ఆరువారాలు ముట్టలేదు. బిందెలు ఎత్తలేదు, బెల్టు వాడాను. కోత దగ్గర హెర్నియా రాకుండా ఈ జాగ్రత్త.

క్షయ మందులు ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా ఇచ్చారు. నా బరువుకు రోజుకు మూడు మాత్రలు: రెండు నెలలు నాలుగు మందులు కలిసినవి, తరవాత నాలుగు నెలలు మూడు మందులవి. బరువు పెరిగితే మాత్రల లెక్క మారుతుంది, ప్రతిసారీ తూకం వేయించుకోవాలి. మూత్రం నారింజ రంగులో రావడం మామూలే. కళ్లు పచ్చబడినా, అన్నం చూస్తేనే వాంతి వచ్చినా, ఎరుపూ ఆకుపచ్చా సరిగ్గా తెలియకపోయినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. గర్భనిరోధక మాత్రలు ఈ మందులతో సరిగ్గా పనిచేయవు, ఈ సంగతి అడగనిదే చాలామంది చెప్పరు.

ఇప్పుడు 50 కిలోలున్నాను, ఐదో నెల నుంచి సంగటి ముద్ద తింటున్నాను. సీటీ సీడీ, ఆపరేషన్ నోట్సు జిరాక్సు ఎప్పుడూ బ్యాగులోనే ఉంటాయి. రెండుచోట్ల పొర మిగిలే ఉంది. మళ్లీ పసరు వాంతి అయితే, ఏ ఊళ్లో ఉన్నా డాక్టరుకు ముందు చూపించాల్సింది ఆ సీడీనీ నోట్సునీ.