పెద్దపిల్లలతో ఓడ ప్రయాణం

టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచి మెక్సికో దీవి కోజుమెల్ వెళ్ళే విహార ఓడ కోసం వెతికినప్పుడు మేము గది ధర కంటే ముందు పిల్లల క్లబ్బుల వయోపరిమితులను చూశాము. కార్నివాల్ కంపెనీ ఓడలలో 12 నుంచి 14 ఏళ్ళ వారికి సర్కిల్ సి, 15 నుంచి 17 ఏళ్ళ వారికి క్లబ్ ఓ టూ వేర్వేరుగా ఉంటాయి. నార్వీజియన్ కంపెనీ ఓడలలో 13 నుంచి 17 వరకు అందరికీ ఆంటురాజ్ ఒక్కటే. పదమూడేళ్ళ మా అమ్మాయి అన్నయ్య ఎదుట కొత్తవారితో నోరు విప్పదని తెలుసు కనుక మొదటిదే ఎంచుకున్నాము. రాయల్ కరీబియన్ పెద్ద ఓడలలో కృత్రిమ అలలపై ఆడించే ఫ్లోరైడర్ కావాలని అబ్బాయి చివరి వరకు పట్టుబట్టాడు, అది వేరే సంగతి.

రాత్రి పదకొండు దాటినా పిల్లలు గదికి రాకపోవడం మా అత్తగారికి మింగుడుపడలేదు. రాత్రి భోజనానికి మాత్రం అందరూ కలిసి కూర్చోవాలన్న నియమం పెట్టాక ఆవిడ కాస్త శాంతించారు. ఇంటర్నెట్‌కు విడిగా డబ్బు కట్టాలని తెలిసి పిల్లలు ముఖం మాడ్చుకున్నారు గానీ, నాకైతే అదే బాగుంది.

గది విషయంలో ఒక్క మాట: నలుగురూ ఒకే గదిలో సర్దుకుంటే పై బెర్తులు ఎదిగిన పిల్లలకు ఇరుకవుతాయి. మేము మాకు బాల్కనీ గది, ఎదురుగా వారికి కిటికీ లేని చవక గది తీసుకున్నాము.